7,500 పౌండ్లు లాగుతుందన్నారు సరే, వెనక యాక్సిల్ సంగతేంటి?

మీ ప్రశ్న చదివి, మీరు పెట్టిన స్టిక్కర్ ఫొటోలు కూడా చూశాను. నాకు అర్థమైంది ఇదీ. డాలస్‌లో ఉంటున్నారు. ఫోర్డ్ ఈ-450 ఛాసిస్ మీద కట్టిన 31 అడుగుల 2018 క్లాస్ సీ మోటర్‌హోమ్ (వ్యాన్ క్యాబిన్ వెనక ఇల్లు కట్టిన బండి, ఆర్‌వీ అంటారు) సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. జూన్‌లో అమ్మానాన్నలు గుంటూరు నుంచి వస్తున్నారు. మీ ఇద్దరు, పిల్లలు ఇద్దరు, పెద్దవాళ్ళు ఇద్దరు, మొత్తం ఆరుగురూ కొలరాడో మీదుగా ఎల్లోస్టోన్ వెళ్ళాలని ప్లాన్. అక్కడ తిరగడానికి టెస్లా మోడల్ వైని ట్రైలర్ మీద ఎక్కించి వెనక లాక్కెళ్ళాలనుకుంటున్నారు. హిచ్ (బండి వెనక ట్రైలర్ తగిలించే కొక్కెం) మీద 7,500 అని ఉంది, కారూ ట్రైలరూ కలిపి 6,400 అవుతాయి, డీలర్ 'నో ప్రాబ్లం' అన్నాడు. ఇంట్లో 2013 హోండా సీఆర్-వీ కూడా ఉంది. ఏది తీసుకెళ్ళాలి?

ముందు జవాబు చెప్పేస్తాను. ట్రైలర్ మీద టెస్లా వద్దు. సీఆర్-వీ తీసుకెళ్ళచ్చు, కానీ దానికీ కొంచెం లెక్క చూసుకోవాలి. డీలర్ అబద్ధం చెప్పలేదు. మీరు హిచ్ గురించి అడిగారు, ఆయన హిచ్ గురించే చెప్పాడు. బండి గురించి ఇద్దరూ మాట్లాడుకోలేదు, అంతే.

నేను పద్నాలుగేళ్ళుగా ఈ బళ్ళు నడుపుతున్నాను, ఇది మూడోది. మొదటి రెండేళ్ళూ మీలాగే హిచ్ నంబరు ఒక్కటే చూసి తిరిగాను. దాని ఫలితం కింద చెప్తాను.

ఆ 7,500 అన్నది ఆ ఇనుప హిచ్ ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకె. ఫోర్డ్ వాళ్ళు ఇచ్చేది ఇంజిను, ఫ్రేము, చక్రాలు, ముందు క్యాబిన్. ఇల్లు కట్టేది వేరే కంపెనీ. 31 అడుగుల ఇల్లు పట్టడానికి వాళ్ళు వెనక ఫ్రేముకి అదనపు ముక్కలు కలిపి పొడుగు చేస్తారు, ఆ చివర హిచ్ బిగిస్తారు. దానికి వాళ్ళిచ్చిన రేటింగ్ అది. మీ బండి ఈ రోజు ఎంత బరువుతో ఉందో, లోపల ఎంతమంది కూర్చున్నారో, నీళ్ళ ట్యాంకు నిండుగా ఉందో ఖాళీగా ఉందో ఆ స్టిక్కర్‌కి తెలీదు కదా. హిచ్‌లో దూర్చే కడ్డీ, అంటే బాల్ మౌంట్‌కీ, దాని మీద ట్రైలర్ కూర్చునే గుండు, అంటే బాల్‌కీ కూడా విడివిడిగా రేటింగులుంటాయి. వాటిలో ఏది తక్కువైతే అదే మీ లిమిట్. బాల్ మీద అంకె చెక్కి ఉంటుంది, ఒకసారి వంగి చూడండి.

ఇక అసలు అంకెలు. డ్రైవర్ తలుపు దగ్గర ఫోర్డ్ స్టిక్కర్ మీద జీవీడబ్ల్యూఆర్ 14,500 అని ఉంది. బండి, మనుషులు, సామాను, నీళ్ళు, వెనక హిచ్ మీద పడే భారం అన్నీ కలిపి అంతకు మించకూడదు. దాని పక్కనే ముందు యాక్సిల్‌కి (చక్రాల ఇరుసుకి) 5,000, వెనక యాక్సిల్‌కి 9,600 అని ఉంది. ఆ రెండూ కూడితే 14,600 వస్తుంది. అంటే కంపెనీ వాడు మీకు ఎక్కడా వెసులుబాటు వదల్లేదు. బరువు సరిగ్గా ఆ పాళ్ళలోనే సర్దుకుంటే తప్ప, మొత్తం 14,500 లోపే ఉన్నా ఒక యాక్సిల్ మీద ఎక్కువైపోవచ్చు. ఇది గుర్తుపెట్టుకోండి, కథంతా దీని చుట్టూనే.

ఇంకోటి, లోపల తలుపు దగ్గర అంటించిన పసుపు రంగు స్టిక్కర్. మనుషులు, సామాను కలిపి 2,150 పౌండ్లు మించొద్దని మీ ఫొటోలో ఉంది. ఓసీసీసీ అంటారు దీన్ని. ఇందులో ఫుల్ ట్యాంకు పెట్రోలు, వంటగ్యాసు ముందే లెక్కవేసేశారు, అవి మళ్ళీ తీసేయక్కర్లేదు. నీళ్ళు మాత్రం లెక్కలో లేవు. ఆ స్టిక్కర్ కింద చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంటుంది చూడండి. నీళ్ళ బరువూ, ట్రైలర్ టంగ్ వెయిట్ (ట్రైలర్ ముందు భాగం హిచ్ మీద మోపే బరువు) కూడా సామాను కిందే వస్తాయని. చాలామంది చదవకుండా వదిలేసేది ఆ వాక్యమే. పైగా ఆ 2,150 బండి ఫ్యాక్టరీ దాటినప్పటి మాట. పాత ఓనరు పైన సోలార్ ప్యానెల్స్ వేయించాడన్నారు, అదనపు బ్యాటరీలు పెట్టించాడన్నారు. అవి ఆ స్టిక్కర్‌కి తెలీవు.

సరే, అవి పక్కన పెట్టి, 2,150 నిజమే అనుకుని మీ సంసారం ఎక్కిద్దాం. పెద్దవాళ్ళు నలుగురు 640, పిల్లలు ఇద్దరు 110, అంటే 750. నీళ్ళ ట్యాంకు 40 గ్యాలన్లు, గ్యాలనుకి 8.3 పౌండ్ల చొప్పున 332. బట్టలు, పరుపులు, గిన్నెలు, ఫ్రిజ్‌లో సరుకులు కలిపి 500 తక్కువ కాదు. మా ఇంట్లో అమ్మ వచ్చినప్పుడు చిన్న గ్రైండరు, రెండు కుక్కర్లు, ఆవకాయ జాడీ, 20 పౌండ్ల బియ్యం బస్తా లేనిదే బండి కదల్లేదు, మీ ఇంట్లో వేరేగా ఉంటుందని నేననుకోను. కింద అరల్లో కుర్చీలు, గొట్టాలు, పనిముట్లు, లెవలింగ్ చెక్కలు 200. మొత్తం 1,782. 14,500లోంచి 2,150 తీసేస్తే ఖాళీ బండి 12,350, దానికి ఇది కలిపితే బండి బరువు 14,132కి చేరింది. మిగిలింది 368 పౌండ్లు.

ఇప్పుడు ట్రైలర్ తగిలించండి. 4,400 కారు, 2,000 ట్రైలరు, 6,400. ట్రైలర్ రోడ్డు మీద ఊగకుండా ఉండాలంటే దాని బరువులో కనీసం 10 శాతం హిచ్ మీద పడాలి, అంటే 640. మీ దగ్గర మిగిలింది 368. అక్కడే 272 పౌండ్లు ఎక్కువైంది. తగ్గిద్దామని కారుని ట్రైలర్ మీద వెనక్కి జరిపారనుకోండి, 65 మైళ్ళ స్పీడులో ట్రైలర్ తోక ఆడించడం మొదలెడుతుంది. ఆ పని అస్సలు చేయకండి.

272 పెద్ద లెక్క కాదు, నీళ్ళు పారబోస్తే సరిపోతుంది అనిపిస్తుంది. అసలు దెబ్బ వెనక యాక్సిల్ మీద. క్లాస్ సీ బళ్ళకి వెనక చక్రాల తర్వాత తోక చాలా పొడుగు. మీ బండికి ముందు చక్రం నుంచి వెనక చక్రానికి దాదాపు 220 అంగుళాలు, వెనక చక్రం నుంచి హిచ్‌కి 132 అంగుళాలు ఉంటుంది (టేపు పెట్టి కొలవండి, అటూ ఇటూ ఉండచ్చు). గడ్డపార కింద రాయి పెట్టి ఒక చివర నొక్కితే రెండో చివర లేస్తుంది కదా, వెనక యాక్సిల్ ఆ రాయి లాంటిది. హిచ్ మీద 640 పెడితే ముందు యాక్సిల్ మీద నుంచి 640ని 132తో హెచ్చించి 220తో భాగిస్తే వచ్చే 384 పౌండ్లు లేచిపోతాయి. ఆ 384 కూడా వెళ్ళి వెనక యాక్సిల్ మీదే కూర్చుంటాయి. 640, 384 కలిపి 1,024.

ఇలాంటి బండిని నేను నాలుగేళ్ళు నడిపాను. నిండా సర్దితే సుమారు మూడోవంతు ముందు యాక్సిల్ మీద, మిగతాది వెనక ఉండేది. అదే పాళ్ళు మీకు వేస్తే ముందు 4,640, వెనక 9,492. వెనకది 9,600 లోపే, బాగానే ఉంది. దానికి 1,024 కలపండి. 10,516. యాక్సిల్ లిమిట్ దాటి 916 పౌండ్లు. ఇక టైర్లు. 225/75ఆర్16, లోడ్ రేంజ్ ఈ (టైరు మోసే బరువు తరగతి). జంట చక్రాలుగా వేసినప్పుడు 80 పీఎస్‌ఐ గాలితో ఒక్కో టైరు 2,470 మోస్తుంది. నాలుగూ కలిపి 9,880. టైర్లు మోయగలిగినదానికన్నా కూడా 636 ఎక్కువ. ముందు పక్క ఏమో తేలికైపోయి, గాలి కొట్టినప్పుడల్లా స్టీరింగ్ చేతిలో తేలుతున్నట్టు ఉంటుంది. ఇంత జరిగినా హిచ్ స్టిక్కర్ ప్రకారం ఇంకా 1,100 పౌండ్లు ఖాళీ!

నా అనుభవం ఇదే చోట. నా మొదటి బండికి డాలీ (కారు ముందు చక్రాలు మాత్రమే ఎక్కించే చిన్న ట్రైలరు) మీద క్యామ్రీ తగిలించుకుని జూలై ఎండలో 287 హైవే మీద చిల్డ్రెస్ దాటాక అమరిల్లో వైపు వెళ్తున్నాం. తుపాకీ పేలినట్టు చప్పుడు. లోపలి జంట టైరు పోయింది. పోయింది మామూలుగా పోలేదు, ఊడిన ట్రెడ్ కొరడాలాగా కొట్టి చక్రం పైనున్న రేకు చీల్చి, సింకు డ్రెయిన్ పైపు విరగ్గొట్టింది. రోడ్డు పక్కన నాలుగు గంటలు. మా చిన్నాడు అప్పుడు రెండో క్లాసు, ఏసీ లేక ఏడుపు. అమరిల్లో చేరాక ఒక ట్రక్ స్టాప్‌లో కాటా వేయిస్తే వెనక యాక్సిల్ 10,140. ఆ బండి కొన్న రోజు నుంచీ అంత బరువుతోనే తిరిగానన్నమాట. ఆ టైర్ల వయసు కూడా ఎక్కువే. మీవి కూడా చూసుకోండి. టైరు పక్కన డాట్ అని మొదలయ్యే వరసలో చివరి నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం. 3217 అని ఉంటే 2017లో 32వ వారం. 2018 బండికి ఒరిజినల్ టైర్లే ఉంటే ట్రెడ్ ఎంత కొత్తగా కనబడినా మార్చేయండి. ఈ ట్రిప్ కంటే ముందు పెట్టాల్సిన ఖర్చు అది.

కొందరు ఎయిర్ బ్యాగులు (వెనక కమాన్ల దగ్గర పెట్టే గాలి తిత్తులు) వేయించండి, అదనపు కమాన్లు వేయించండి, సరిపోతుందంటారు. అవి వేస్తే బండి వెనక కుంగినట్టు కనబడదు, ఊగడం తగ్గుతుంది. నా బండికీ ఉన్నాయి. కానీ యాక్సిల్, బేరింగులు, టైర్లు, బ్రేకులు అవే కదా. స్టిక్కర్ మీద అంకె ఒక్క పౌండు కూడా పెరగదు. నిజం చెప్పాలంటే అవి కొంచెం ప్రమాదమే, కుంగుతుంటే కనీసం కంటికి తెలిసేది, ఇప్పుడు అదీ తెలీదు.

ఇంకో అంకె ఉంది, జీసీడబ్ల్యూఆర్. బండీ, వెనక లాగేదీ కలిపి ఇంజిను, గేరుబాక్సు లాగగలిగే మొత్తం. ఈ-450కి 22,000. మీ టెస్లా ట్రైలర్‌తో మొత్తం 20,532, కాబట్టి డాలస్‌లో పాసే. కానీ మీరు వెళ్ళేది కొలరాడో. టర్బో లేని పెట్రోలు ఇంజినుకి ఎత్తు పెరిగేకొద్దీ ఊపిరి ఆడదు. ఫోర్డ్ వాళ్ళ టోయింగ్ గైడ్‌లోనే ఉంటుంది, 1,000 అడుగుల ఎత్తు నుంచి మొదలుపెట్టి ప్రతి 1,000 అడుగులకీ 2 శాతం చొప్పున బరువు తగ్గించుకోమని. మీ రూట్‌లో రాటన్ పాస్ 7,834 అడుగులు. డెన్వర్ నుంచి గ్లెన్‌వుడ్ స్ప్రింగ్స్ వైపు ఐ-70 మీద వెళ్తే ఐసెన్‌హోవర్ టన్నెల్ 11,000 అడుగులు దాటుతుంది. అక్కడ 20 శాతం తీసేస్తే 22,000 కాస్తా 17,600. 20,532తో ఎక్కితే బండి ఎక్కదని కాదు. కుడి లేన్‌లో ఫ్లాషర్లు వేసుకుని లారీల వెనక 25 మైళ్ళ స్పీడులో ఇంజిను అరుస్తుంటే ఎక్కుతుంది, అమ్మ వెనక సీట్లో ఆంజనేయ దండకం చదువుతుంది. ఎక్కడం కన్నా దిగడం కష్టం.

ఇప్పుడు సీఆర్-వీ. ఇంట్లో అది ఉండటం మీ అదృష్టం. 2014 వరకూ వచ్చిన సీఆర్-వీని నాలుగు చక్రాలూ రోడ్డు మీదే ఉంచి టో బార్‌తో (కారుని బండికి కలిపే ఇనుప కడ్డీతో) లాగచ్చని హోండా మాన్యువల్‌లోనే ఉంది. 2015లో గేరుబాక్సు మార్చారు, అప్పట్నుంచీ కుదరదు. పాత సీఆర్-వీలని ఆర్‌వీ వాళ్ళు వెతికి మరీ కొనేది అందుకే. ఇలా లాగితే ట్రైలర్ బరువు లేదు, హిచ్ మీద టంగ్ వెయిట్ దాదాపు లేదు, టో బార్ బరువు ఓ 50 పౌండ్లు తప్ప. కారు, అందులో పెట్టే బ్రేకు పెట్టె కలిపి 3,600 వేసుకోండి. మొత్తం 17,732. వెనక యాక్సిల్ మీద ఆ 50 కాస్తా గడ్డపార లెక్కలో 80 అయి, 9,572 అవుతుంది. లిమిట్ 9,600. మిగిలింది 28 పౌండ్లు, అంటే మీ బియ్యం బస్తా కంటే కాస్త ఎక్కువ!

అందుకే లెక్క చూసుకోవాలన్నాను. దీనికి సులువైన మందు నీళ్ళే. ఇలాంటి చాలా బళ్ళలో నీళ్ళ ట్యాంకు వెనక మంచం కిందే ఉంటుంది, అంటే యాక్సిల్ వెనకాల. దారిలో బాత్రూముకి సరిపడా పావు ట్యాంకు ఉంచుకుని, క్యాంప్‌గ్రౌండ్‌కి చేరాక నింపుకోండి. 250 పౌండ్లు అక్కడికక్కడే దిగిపోతాయి, టన్నెల్ దగ్గరి 17,600 లోపలికి కూడా వచ్చేస్తారు. మరో మాట, వాడిన నీళ్ళు ఎక్కడికీ పోవు, కింద మురికి ట్యాంకుల్లోకి వెళ్తాయంతే. బయల్దేరే ముందు వాటిని కూడా ఖాళీ చేయాలి.

సీఆర్-వీని లాగడానికి ముందు గేరు మార్చే ఒక వరస ఉంది. ఇంజిను స్టార్ట్ చేసి, బ్రేకు తొక్కి గేర్లన్నీ ఒకసారి తిప్పి, డీ నుంచి ఎన్‌కి తెచ్చి, మూడు నిమిషాలు ఇంజిను నడవనిచ్చి ఆపాలి. ఆపాక స్టీరింగ్ లాక్ పడకుండా తాళంచెవి యాక్సెసరీ దగ్గర ఉంచాలి. రోజంతా ప్రయాణమైతే ఎనిమిది గంటలకోసారి మళ్ళీ ఇదంతా చేయాలి. 65 మైళ్ళు దాటకూడదు. మాన్యువల్‌లో ఆ పేజీ ఫొటో తీసి ఫోన్లో పెట్టుకోండి, నా మాట మీద చేయకండి. హ్యాండ్ బ్రేక్ తీశారో లేదో ఇంకొకళ్ళని దిగి చూడమనండి. అది మర్చిపోయి వంద మైళ్ళు లాగినవాళ్ళని నేను చూశాను, వెనక చక్రాల దగ్గర పొగ వస్తుంటే పక్క లేన్ వాళ్ళు చెప్పారు.

కారుకి విడిగా బ్రేకు తప్పనిసరిగా పెట్టించుకోండి. బ్రేకు పెడల్‌ని తొక్కే పెట్టె ఒకటి వస్తుంది, డ్రైవర్ సీటు ముందు పెడతారు. చాలా రాష్ట్రాల్లో 3,000 పౌండ్లు దాటితే చట్టం ప్రకారమే ఉండాలి. చట్టం సంగతి అలా ఉంచండి, మీ ఈ-450 బ్రేకులు 14,500 ఆపడానికి తయారైనవి. వెనక ఇంకో 3,600 తోస్తుంటే ఐ-70 దిగుడులో పెడల్ మెత్తబడటం మొదలవుతుంది. టో/హాల్ బటన్ (బరువు లాగేటప్పుడు గేర్లు తగ్గించి ఉంచేది) నొక్కి, తక్కువ గేరులో ఇంజినుతోనే ఆపుకుంటూ దిగండి.

ఇలా కారు తగిలించాక రివర్స్ లేదు. డాలీతోనూ అంతే. రెండడుగులు వెనక్కి వెళ్ళినా కారు ముందు చక్రాలు అడ్డం తిరిగి టో బార్ వంకరపోతుంది. పెట్రోలు బంకులోకి తిరిగే ముందే బయటికి వెళ్ళే దారి చూసుకోవాలి. న్యూ మెక్సికోలో ఒక చిన్న ఊళ్ళో చూడకుండా దూరి, వానలో నేనూ మా ఆవిడా టో బార్ పిన్నులు సుత్తితో కొట్టి ఊడదీశాం. నేల ఎగుడుదిగుడుగా ఉంటే ఆ పిన్నులు బిగుసుకుపోతాయి. ఆవిడ ఇప్పటికీ ఎవరికి ఆర్‌వీ గురించి చెప్పినా ఈ కథతోనే మొదలెడుతుంది.

టెస్లా విషయం ఎవరైనా అడిగితే చెప్పండి, దాని చక్రాలు నేల మీద తిరుగుతూ లాగకూడదు, నాలుగూ పైకెక్కించాల్సిందే. కాబట్టి మీకు టో బార్, డాలీ రెండూ కుదరవు. కొత్త హైబ్రిడ్ టొయోటా సియెన్నా ఆల్ వీల్ డ్రైవ్ ఉన్నవాళ్ళదీ అదే పరిస్థితి.

ఇంతవరకూ వేసినవన్నీ కాగితం మీద లెక్కలు. 28 పౌండ్ల తేడాని కాగితం మీద నమ్మకూడదు. ఊళ్ళో మిర్చి లోడు యార్డుకి వెళ్తే ముందు కాటా మీదికి ఎక్కిస్తారు కదా, ఇక్కడా ఆ కాటా ఉంది. పెద్ద ట్రక్ స్టాపుల్లో క్యాట్ స్కేల్ అని నల్లపసుపు బోర్డు కనబడుతుంది. ముందు అక్కడే పెట్రోలు ఫుల్ చేయించండి, ఆరుగురూ లోపలే కూర్చోండి, సామానంతా సర్దేసి ఉండాలి. ముందు చక్రాలు మొదటి ప్లేటు మీద, వెనక చక్రాలు రెండో దాని మీద, లాగే కారు మూడో దాని మీద ఉండేలా ఆపి, బటన్ నొక్కి 'ఫస్ట్ వెయ్' (మొదటిసారి తూకం) అని చెప్తే చాలు. ఫోన్ యాప్‌తో అయితే అదీ అక్కర్లేదు. 15 డాలర్ల చుట్టుపక్కల తీసుకుంటారు. కారు విప్పేసి అదే రోజు మళ్ళీ తూచుకుంటే రెండోసారి చాలా తక్కువ. మొదటిసారి లారీ డ్రైవర్లు వెనక హారన్ కొడుతుంటే టెన్షన్‌గా ఉంటుంది. ఆదివారం పొద్దున్నే వెళ్ళండి, ఎవరూ ఉండరు.

వాళ్ళిచ్చే టికెట్ (బరువు చీటీ) యాక్సిల్ బరువు చెప్తుంది కానీ కుడి, ఎడమ విడిగా చెప్పదు. స్లయిడ్ అవుట్ (గది పెద్దదవడానికి పక్కకి జరిగే భాగం), ఫ్రిజ్ ఒకే పక్కనున్న బళ్ళలో ఆ తేడా బాగానే ఉంటుంది. టెక్సస్‌లోనే లివింగ్‌స్టన్‌లో ఎస్కేపీస్ ఆర్‌వీ క్లబ్ వాళ్ళు చక్రం చక్రానికీ తూచి ఇస్తారు. ఒకసారి అటు వెళ్ళినప్పుడు చేయించుకోండి, ఏ పక్క బరువెక్కువ ఉందో దాన్ని బట్టి టైరు కంపెనీ టేబుల్ చూసి గాలి పెట్టుకోవచ్చు. ఈ ట్రిప్‌కి ముందు మాత్రం క్యాట్ స్కేల్ చాలు.

ట్రైలర్‌కి అడ్వాన్స్ ఇంకా కట్టకపోతే ఆపండి. ఈ వారాంతం సామాను సర్ది, కారు లేకుండా ఉత్త బండిని ఒకసారి కాటా వేయించి, టికెట్ మీద ముందు యాక్సిల్ ఎంతో, వెనక యాక్సిల్ ఎంతో ఇక్కడ పెట్టండి. నీళ్ళు ఎంత ఉన్నాయో కూడా రాయండి. వెనకది 9,500 దాటితే సీఆర్-వీ తగిలించే ముందు ఏ అర ఖాళీ చేయాలో, ఏది ముందుకి జరపాలో అప్పుడు చూద్దాం.